పక్కవాడి కొక్కెం

"అయ్యో, పసిపిల్లాడు తప్పటడుగులు వేస్తున్నట్టుంది!" పరిశోధనశాలలో కళ్లకు పెద్ద అద్దాల పెట్టె తగిలించుకుని, చదునైన గచ్చు మీద ఆచితూచి నడుస్తున్న కొత్త మొగుణ్ణి చూసి ఆమె పకపకా నవ్వింది.

ఆ అద్దాల్లో అతనికి మాత్రం అది కడుతున్న భవనం చిట్టచివరి అంతస్తులా కనిపిస్తోంది. భవన కార్మికులు ఎత్తులో ఎంత జాగ్రత్తగా ఉంటారో పరీక్షిస్తున్న పరిశోధకురాలి తెర మీద అతని పక్కన ఇద్దరు బొమ్మ పనివాళ్లు ఇనుప దూలంపై నడుస్తున్నారు. ముగ్గురి నడుం పట్టీల కొక్కేలూ, కింద పడకుండా కాపాడే తాడుకి తగిలించి ఉన్నాయి.

"ఇప్పుడు చూడమ్మా," అంటూ పరిశోధకురాలు మీట నొక్కింది. బొమ్మలు కొక్కేలు తీసేసి చకచకా ముందుకెళ్లాయి. అతను కాస్త తటపటాయించి, తనదీ తీసేశాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఎప్పుడూ తియ్యనని నా మీద ఒట్టేశారు కదా!"

అద్దాలు తీసి అతను తల గోక్కున్నాడు. "వాళ్లిద్దరూ తీసేశారే. నేనొక్కణ్ణే వెనకబడితే ఏం బావుంటుంది?"

"వాళ్లు బొమ్మలండీ బాబూ!"

"మరి అసలు పనిలో మీ పక్కన ఎవరుంటారు?" పరిశోధకురాలు అడిగింది.

"మా మావయ్య, ఈవిడ నాన్నగారే. మా మేస్త్రీ. ఆయన జన్మలో కొక్కెం పెట్టుకోలేదు."

ఆమె గబగబా బయటికొచ్చి తండ్రికి ఫోన్ చేసింది. "నాన్నా, రేపట్నుంచి కొక్కెం పెట్టుకో. నువ్వు పెట్టుకుంటేనే ఆయన పెట్టుకుంటారు."

మేస్త్రీ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"పైకెక్కితే నాకూ కాళ్లు వణుకుతాయి తల్లీ," అన్నాడు గొంతు తగ్గించి. "కానీ అల్లుడి ముందు కొక్కెం ఎలా పెట్టుకోనే?"