కుందేలుకు నక్కగారి సన్మానం

అడవిలో ఒక కుందేలు ఉండేది. దానికి మనసు బాగోని రోజులొచ్చేవి. అప్పుడు బొరియలోంచి బయటికి వచ్చేది కాదు, తిండి కూడా ముట్టేది కాదు. అయినా కోలాటమంటే దానికి ప్రాణం.

కోలాటం నడిపే నక్కగారిది చాలా పెద్ద మనసు. ఆ సంగతి నక్కగారే రోజూ చెప్పేవారు. ఆయన కుందేలును పిలిచి, ఆట మధ్యలో ఒక రాయి మీద కూర్చోబెట్టి, మెడలో దండ వేసి, "ఇలాంటివాళ్ళను మనమే ఆదరించాలర్రా! కోలలు కింద పెట్టి గట్టిగా చప్పట్లు కొట్టండి!" అన్నారు.

"దండ వద్దు మావయ్యా. నాకూ కోలలివ్వు, ఆడతాను," అంది కుందేలు.

కోలాటమంటే తెలుసుగా? నా కోల నీ కోలకు తగలాలి. జత లేకపోతే ఆట లేదు. ఆ రోజు ఏదుపంది జత లేక, పాపం, అంతవరకూ గాలినే కొడుతూ వచ్చింది.

"నువ్వా? రేపు నీకు బాగోక రాకపోతే ఆట ఆగిపోదూ?" అన్నారు నక్కగారు.

"ఆగితే ఏదుపంది వదిన నన్ను వెతుక్కుంటూ వస్తుంది. ఈ రాయి మీద నేను లేకపోతే ఎవరికి తెలుస్తుంది?"

ఏదుపంది గబగబా వెళ్ళి ఇంకో జత కోలలు తెచ్చింది. "రావే పిల్లా, గాలిని ఎంతసేపని కొట్టను?" అంది. ఆట మొదలైంది.

సన్మానం వృథా పోకూడదు కదా! నక్కగారు ఆ దండ తామే వేసుకుని రాయెక్కి కూర్చున్నారు. చప్పట్ల కోసం చుట్టూ చూశారు. ఎవరి చేతులూ ఖాళీగా లేవు.