చుక్క కారని జీపు

"బాగైన బండిని మళ్ల విప్పుడేందయ్యా? దిమాక్ గిట్ల ఖరాబైందా?"

చాయ్ గ్లాసుతో వాకిట్లోకి వచ్చిన నిహారిక మొగుణ్ణి నిలదీసింది. ప్రవీణ్‌కుమార్ తల జీపు బానెట్ కిందే ఉంది. స్క్రూడ్రైవర్‌తో రేడియేటర్ పైపు దగ్గర ఏదో వదులు చేస్తున్నాడు.

ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది మరి. ముప్పై ఏళ్ల నాటి ఆ జీపును జోగిపేట రైతు దగ్గర కొన్ననాటి నుంచీ ప్రతి ఆదివారం అతని కాపురం దాని కిందే. గేర్లు దారికొచ్చాయి, బ్రేకులు పట్టాయి, నాలుగు చక్రాలూ బురదలో లాగాయి. రేడియేటర్ పైపొక్కటే ఏడిపించింది. ఇంజను వేడెక్కితే చాలు, పైపు జారి నీళ్లన్నీ రోడ్డు పాలు! పైపు చుట్టూ బిగించే క్లాంపులు బజారులో దొరికినవి నాలుగు రకాలు మార్చాడు. ఒక్కటీ నిలవలేదు. ఒకసారి సంగారెడ్డి చౌరస్తాలో బండి పొగలు కక్కుతుంటే ఆటోవాళ్లంతా ఆగి మరీ నవ్వారు.

ఆ ఉక్రోషంలోనే ఫ్యాక్టరీ క్లాంపు మీద కన్నేశాడు.

పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో అతను పర్మనెంటు ఫిట్టరు. బోల్టో వాషరో జేబులో వేసుకుపోవడాన్ని అక్కడెవరూ దొంగతనం కింద లెక్కేయరు. వేడినీళ్ల ట్యాంకు వెనక, చేత్తో తడిమితే గానీ అందని చోట, రబ్బరు పైపుకు రెండు స్టీలు క్లాంపులు ఉన్నాయి. ప్రవీణ్ ఒకటి విప్పుకొచ్చాడు. ఇంకోటి ఉందిగా, చాలులే అనుకున్నాడు.

జీపు ఆ రోజు నుంచి ఒక్క చుక్క కార్చలేదు.

మూడోరోజు సెకండ్ షిఫ్టులో ఫ్యాక్టరీ పైపు ఊడింది. మరిగే నీళ్లు మీద పడి కాంట్రాక్టు ఆపరేటర్ కిష్టప్ప కుడిచెయ్యి మోచేతి దాకా ఉడికిపోయింది. పైపుకు మిగిలిన క్లాంపు ఎక్కడికి ఎగిరిపోయిందో వెతికినా దొరకలేదు. మురుగు కాలువలో పడిందన్నారు. ఎంక్వైరీ చేసినవాళ్లు 'ఆపరేటర్ నిర్లక్ష్యం' అని ఒక్క ముక్క రాసి, కిష్టప్ప గేటుపాసు రద్దు చేసి చేతులు దులుపుకున్నారు. ఆ ఇంట్లో సంపాదించేది అతనొక్కడే.

ప్రవీణ్ పండ్లు పట్టుకుని ఆస్పత్రికి తిరిగాడు. వెళ్లినప్పుడల్లా కిష్టప్పది ఒకటే మాట.

"నాదే తప్పు సారూ. ఎవ్వలనీ ఏమన్లేను."

అయ్యో, ఇంత అమాయకుణ్ణా నేను కాల్చింది అని ప్రవీణ్ లోలోపల కుమిలిపోయేవాడు. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి జీపు స్టార్ట్ చేస్తే అది హాయిగా నడిచేది. దాన్ని చూస్తేనే అతనికి ఒళ్లు మండేది.

చివరికి, నిహారిక చూస్తుండగానే, ఆ క్లాంపు ఊడి చేతిలోకి వచ్చింది. రేడియేటర్ నీళ్లు బుడబుడా వాకిట్లోకి పారాయి.

"ఇది ఆ పైపుదే నిహారికా. కిష్టన్న చెయ్యి కాలింది నా వల్లనే."

ఆమె చాయ్ గ్లాసు గట్టు మీద పెట్టింది.

"నువ్వు చెప్పకుంటే ఎవ్వలకు తెలుస్తది?"

"నాకు తెల్సు గద."

"నౌకరీ పోతది."

"పోనీ. ఆయనదన్న ఆయనకొస్తది."

నిహారిక కళ్లు తుడుచుకుంది. "చాయ్ సల్లారింది. వేరేది పెడ్త, తాగి పో" అంది.

ఫ్యాక్టరీ మేనేజర్ శివరామకృష్ణ ప్రవీణ్ రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివాడు. టేబుల్ మీద పెట్టిన క్లాంపు వైపు చూశాడు.

"పన్నెండేళ్ల సర్వీసు నీది. ఈ కాగితం నేను చూడలేదనుకుంటాను. తీసుకుని వెళ్లిపో."

"చూడండి సార్. కిష్టప్పను మళ్ల తీస్కోండ్రి. ఆస్పత్రి ఖర్చు కూడ ఫ్యాక్టరీయే పెట్టాలె."

"నిన్ను తీసేయక తప్పదు మరి."

"తీసేయండ్రి."

మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది. కిష్టప్ప గేటుపాసు మళ్లీ రాశారు. ప్రవీణ్ తన ఐడీ కార్డు సెక్యూరిటీ చేతిలో పెట్టి, కిష్టప్ప ఊరు రుద్రారానికి ఆటో ఎక్కాడు. గుండెల మీద బరువు సగం దిగినట్టనిపించింది. మిగతా సగం కిష్టప్ప ముందు దించుకోవాలి.

కిష్టప్ప ఇంటి ముందు మంచం మీద ఉన్నాడు. చేతికి ఇంకా కట్టు ఉంది.

"అన్నా, నీ నౌకరీ నీకొచ్చింది. ఆస్పత్రి బిల్లు ఫ్యాక్టరీయే కడ్తదట."

"నిజంగనా సారూ! ఎట్ల?"

ప్రవీణ్ నేల మీదే కూర్చున్నాడు. జీపు సంగతి, క్లాంపు సంగతి, మేనేజర్‌కు రాసిచ్చిన కాగితం సంగతి, అన్నీ తలెత్తకుండా చెప్పేశాడు.

"కొట్టు అన్నా. తిట్టు. పడ్త."

కిష్టప్ప తిట్టలేదు. అతని ముఖం తెల్లగా పాలిపోయింది.

"అంటే... నువ్వు విప్పినంక ఆ పైపుకు ఒక్కటే ఉండెనా?"

"ఒక్కటే. అందుకే ఆగలే."

"నువ్వు ఆ కాయిదం ఇచ్చేసినవా? వాపస్ తెచ్చుకోరాదా సారూ?"

"ఇగ రాదన్నా. వదిలెయ్. నీది సక్కగైంది, అదే చాలు."

కిష్టప్ప బాగున్న చేత్తో ముఖం కప్పుకుని బావురుమన్నాడు. ప్రవీణ్ కంగారుగా లేచి అతని భుజం పట్టుకున్నాడు.

"ఏందన్నా? ఏమైంది?"

"ఆ ఉన్నొక్కటి మా బోరు పైపుకని నేనే విప్పిన సారూ."