గుర్తు మారిన పూట

అనకాపల్లిలోని ఆ ఆసుపత్రిలో ఎవరి మెడలోని గుర్తుబిళ్ళకు ఏ తలుపు తెరవాలో, ఎవరిని బయటికి పంపాలో మాట్లాడే ఆ గోడలకే తెలుసు. పదకొండేళ్ళుగా అక్కడ నర్సుగా చేస్తున్న సువర్చల గుర్తు, బదిలీ కాగితాల గందరగోళంలో, ఆ ఉదయం 'సందర్శకురాలు'గా మారిపోయింది. మందుల గది గాజు తలుపు తెరుచుకోనప్పుడు గానీ ఆ సంగతి ఆమెకు తెలియలేదు.

అప్పటికే ఆరో మంచం మీది అప్పలనర్సయ్యకు షుగరు పడిపోయి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. పిలిస్తే పలకడం లేదు. డాక్టరేమో ఆపరేషను గదిలో ఉన్నాడు. సువర్చల గుర్తును మళ్ళీ తలుపుకు ఆనించింది.

"ఏటమ్మా, తలుపు రాట్లేదా?" అంది నేల తుడుస్తున్న నూకాలు. ఊడ్చేవాళ్ళకు ఏ గదైనా తెరుచుకుంటుంది. మందు ముట్టుకుంటే మాత్రం గుర్తు రద్దవుతుంది.

"నువ్వొద్దు నూకాలూ, నీ పని పోతుంది."

"పోతే పోనీ. ఏ సీసావో సూపించు."

సువర్చల గాజు మీద వేలు పెట్టి చూపించింది. నూకాలు తెచ్చిన గ్లూకోజు ఎక్కిన కాసేపటికి అప్పలనర్సయ్య కళ్ళు తెరిచాడు. ఆ వెంటనే నూకాలు గుర్తు రద్దయిందని, బయటికి వెళ్ళాలని గోడ ప్రకటించింది.

"తెమ్మన్నది నేనే!" అని సువర్చల మూడుసార్లు మొత్తుకుంది.

"సందర్శకుల మాట నమోదు కాదు," అంది గోడ.

డాక్టరు రాగానే రోగిని అప్పగించి, సందర్శకురాలిగా దాటితే గేటు తనకూ మళ్ళీ తెరుచుకోదని తెలిసే, సువర్చల పరుగున బయటికొచ్చింది. నూకాలు చేయి పట్టుకుని, "పద, ఇద్దరం కలిసి చెబుదాం," అంది.

"ఎవులికి సెప్తామమ్మా?"

 సువర్చల ఆమె చేయి వదల్లేదు.