తెర మీద ఫ్యాను

"నా ఫ్యాను తిరుగుతున్నట్టే లేదట! సాయంత్రంలోగా కుదరకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తాడట మా బాసు," అన్నారు మా ఆయన, లాప్‌టాప్ ముందు జుట్టు పీక్కుంటూ.

ఆఫీసులోని పెద్ద కంప్యూటర్ల లోపల వాటిని చల్లబరిచే ఫ్యాన్లలాంటి భాగాలు ఎలా పనిచేస్తున్నాయో ఎక్కడినుంచైనా చూసుకునేలా తెర మీద కదిలే బొమ్మలు తయారుచేయడం ఆయన ఉద్యోగం.

"ఇప్పుడు చూడవే," అని తెర నావైపు తిప్పారు. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. నా ఒళ్లో ఉన్న పాప తుమ్మింది. గబుక్కున తల దాకా దుప్పటి కప్పేశాను.

"ఏమైందే?"

"అంత స్పీడుగా పెడతారా ఎవరైనా? పసిపిల్లకి జలుబు చేయదూ? కాస్త తగ్గించండి!"

ఆయన నన్ను చూశారు, బొమ్మను చూశారు. అప్పుడు నాలుక కరుచుకున్నాను. తిడతారేమోనని నేను బిక్కచచ్చిపోతుంటే, ఆయన ఫోను అందుకున్నారు.

"సార్, తిరుగుతోంది సార్! మా ఆవిడ పాపకి దుప్పటి కప్పేసింది!"