మూడు తప్పు పోగులు

ఇప్పుడు ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్లే మా కంప్యూటర్‌లోకి వచ్చి పని అడుగుతాయి. చౌటుప్పల్‌లోని తమ్ముడికి మా ఇంటి చీర డిజైన్ పంపాలి. అది బయటికి పొక్కితే మా మగ్గాలకు పనుండదు.

మూడు వచ్చాయి. మూడూ "నమ్ము తాతా" అన్నాయి.

పరీక్షకని మూడింటికీ మూడు నకళ్లు ఇచ్చాను. ఒకదాంట్లో చిలుక ముక్కు దగ్గర, ఒకదాంట్లో ఏనుగు తోక దగ్గర, ఇంకోదాంట్లో అంచులో ఒక్కో పోగు తప్పుగా గీశాను.

వారం తిరక్కుండానే మా కోడలు అండాలు, బజారు నుంచి మిషన్ మీద నేసిన చీర తెచ్చింది. "జూడుండ్రి మామా, మన డిజైనే! ఏది దొంగదో తెలిసిందా?"

కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ముక్కు, తోక, అంచు, మూడు చోట్లా నా తప్పులే ఉన్నాయి.

"మూడూ ఒక్క తల్లి పిల్లలే మామా, కలిసే అమ్ముకున్నయి," అంది అండాలు.

అసలు డిజైన్ గీసిన గ్రాఫు కాగితాన్ని చుట్టి చంకలో పెట్టుకుని, చౌటుప్పల్ బస్సు కోసం లేచాను.

"ఆ కాగితం ఎక్కడికి తాతా?" అని కంప్యూటర్ అడిగింది.

నేను చెప్పులేసుకుని గడప దాటాను.