పచ్చ పట్టీ

పదో తరగతి పిల్లలందరి మణికట్టుకీ పట్టీలు వచ్చిన కాలం అది. బుర్ర అలిసిపోతే పట్టీ ఎర్రబడుతుంది, పాఠాల తెర దానంతటదే మూసుకుంటుంది. తలకిందులుగా తపస్సు చేసినా, మళ్ళీ పచ్చబడేదాకా తెరుచుకోదు.

పరీక్షలు దగ్గరపడేసరికి కాకినాడలో వకుళ ఉండే వీధంతా ఎరుపే. ఆవిడ కూతురు ఇందుజ పట్టీ మాత్రం లేత అరిటాకులా ఉంది. ఆ పిల్ల వానాకాలం నుంచే రోజూ కాస్త కాస్త చదువుకుని, సాయంత్రం కాగానే షటిల్ బ్యాటుతో మేడెక్కేది.

ఇవాళ వకుళ అడ్డుపడింది. "ఆ పట్టీ ఇలా తే, నేను కట్టుకుంటాను. పక్కింటాళ్లు వాళ్ల తాతగారికి కట్టేశారంట. ఇక ఎంతసేపు చదివినా ఎర్రబడదు."

ఇందుజ పట్టీ విప్పి తల్లి చేతికి కట్టింది. కట్టీ కట్టగానే పట్టీ పండుమిరపకాయలా ఎర్రబడింది. తెర మూసుకుపోయింది.

"అయ్యో, నీ చదువు పాడుచేశానే!"

"నా చదువు కార్తీకంలోనే అయిపోయిందమ్మా. ఇప్పుడు తిరగెయ్యడమే. పరీక్ష నాకైతే కంగారు నీకేంటి?" అంటూ ఇందుజ రెండో బ్యాటు తల్లి చేతిలో పెట్టింది.

ఈ పిల్లకింత నిబ్బరం ఎక్కడిదా అనుకుంటూనే వకుళ మేడెక్కింది. కొట్టినవన్నీ పిట్టగోడ దాటుతుంటే పగలబడి నవ్వింది.

"పచ్చబడిందమ్మా, దిగుదామా?" అంది ఇందుజ.

వకుళ పట్టీకేసి చూడనైనా లేదు. "ఉండవే, ఇంకొక్క ఆట!"