పక్క హోటల్ పులుసు

"పక్క హోటల్ల పులుసు తిన్నోళ్లు మా కాడికి రాండ్రి. ముందుగాల నోరు కడుక్కోనీకి నీళ్లిస్త. ఆ తర్వాత అసలు పులుసు పోస్త!"

ఫోన్‌లో యశోద గరిటె ఊపుతూ అంటున్న మాటలు విని బాలకృష్ణ తల పట్టుకున్నాడు. ఆ వీడియోను అప్పటికే రెండు లక్షల మంది చూశారు. దాని కిందే కన్నమ్మ జవాబు వీడియో.

"దాని పులుసుల చేపను దేవులాడాల్నంటే వల పట్కొని పోవాలె!"

బాలకృష్ణ ఖమ్మంలో ఒక సంస్థ తరఫున చిన్న వ్యాపారులకు సోషల్ మీడియా పాఠాలు చెప్తాడు. రెండు నెలల కింద భద్రాచలంలో మూడు రోజుల క్లాసు పెట్టినప్పుడు ఈ ఇద్దరూ ఒకే స్కూటీ మీద వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు. పర్ణశాల వెళ్లే రోడ్డు మీద పక్కపక్క పాకల్లో చేపల పులుసు, అన్నం అమ్ముతారు. బండ్లు ఆగకుండా పోతున్నాయని, ఇట్లయితే మూసుకోవడమేనని బాధపడ్డారు. పక్కవాళ్ల కంటే మీరెట్లా వేరో గట్టిగా చెప్పండి, అదే మొదటి రూలు అని బాలకృష్ణ బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కూడా గీశాడు.

ఆ రెండు గీతలే ఇప్పుడు అతని మెడకు చుట్టుకున్నాయి. పొద్దున్నే మేనేజర్ ఫోన్ చేశాడు.

"ప్రతి వీడియోల 'బాలకృష్ణ సార్ నేర్పిండు' అంటున్నరయ్యా! దోస్తులను విడగొట్టే క్లాసులా మనవి? పోయి కలిపి రా. లేకుంటే ఇల్లందు బ్యాచ్ వేరేటోళ్లకిస్త."

బాలకృష్ణ బస్సెక్కాడు. ఉద్యోగం సంగతి సరే, ఒక స్కూటీ మీద వచ్చిన మనుషులను విడదీశానన్న దిగులే దారి పొడుగునా అతన్ని తినేసింది.

బస్సు దిగేసరికి రోడ్డుకు రెండు పక్కలా కార్లు. రెండు పాకల మధ్య కొత్తగా వెదురు తడక లేచింది. తడకకు అటూ ఇటూ జనం. దర్శనం చేసుకుని వచ్చినవాళ్లు ఆకలి సంగతి మరిచి వాదించుకుంటున్నారు.

"నేను సత్తుపల్లి నుంచి మూడోసారి వచ్చానండీ. యశోద పులుసే పులుసు. అవతల ఆవిడది నోట్లో పెట్టలేం," అన్నాడొక పెద్దమనిషి.

"నీకు నాలిక ఉందా? కన్నమ్మ చెయ్యి వేరే!" అంది తడక అవతల నుంచి ఒకావిడ.

బాలకృష్ణ యశోద దగ్గరకు వెళ్లాడు.

"ఏంది యశోదమ్మా ఇది?"

"మీరు చెప్పిందే కద సార్. పక్కోళ్ల కంటె మనం ఎట్ల వేరో చెప్పాలె."

"వేరు చెప్పమన్నా గాని వైరం పెట్టుకొమ్మన్ననా?"

"ఆమె ముచ్చట నాకు చెప్పకుండ్రి సార్. కూసోండ్రి, తినుండ్రి."

ప్లేటు ముందుకొచ్చింది. అతను తింటుంటే యశోద వీడియో తీసింది. చెయ్యి కడుక్కోకముందే కన్నమ్మ వచ్చి రెక్క పట్టుకుంది.

"ఆడ తిని ఈడ తినకుంటె నాకు ఇజ్జత్ ఉంటదా సార్?"

తడక దాటి అక్కడా కూర్చున్నాడు. కన్నమ్మ వడ్డిస్తూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇరవై ఏండ్ల దోస్తాన్ సార్. గిట్లయితదనుకోలే."

బాలకృష్ణ ముద్ద కలుపుతూ ఆగాడు. "పోనీ, నువ్వైనా ఒక మాట తగ్గరాదమ్మా?"

"నేను తగ్గ సార్. తగ్గితె నా పులుసు తక్కువైనట్టే కద?"

ఈలోగా రెండు వర్గాలూ అతన్ని చుట్టుముట్టాయి. సారు రెండూ తిన్నాడు, సారే తీర్పు చెప్పాలన్నారు. పది ఫోన్లు లేచాయి. బాలకృష్ణ గొంతు సవరించుకున్నాడు. రెండూ బాగున్నాయంటే ఎవరూ ఊరుకునేలా లేరు.

"యశోదమ్మ పులుసులో మెంతుల వాసన ముందు తగుల్తుంది. కారం సూటిగా ఉంటుంది. కన్నమ్మ పులుసు అట్ల కాదు. నిదానంగా పట్టుకుంటుంది, చేపకు లోపలిదాకా పులుపు పట్టింది. రెండింటికీ పోలికే లేదు."

ఈలలు మోగాయి. సత్తుపల్లి పెద్దమనిషి "నేను చెప్పలా!" అని పక్కవాణ్ని పొడిచాడు.

బాలకృష్ణ చేతులు జోడించాడు. "అమ్మా, ఇద్దరూ గొప్పే. అందరి ముందర ఒక్కసారి చేతులు కలపండి. నా కోసం."

యశోద మొహం తిప్పుకుంది. కన్నమ్మ నేల మీద ఉమ్మేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ వెనకే యశోద కూడా విసురుగా తన పాకలోకి నడిచింది.

అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక ఆ రూలు ఏ క్లాసులోనూ చెప్పకూడదనుకున్నాడు. ఇల్లందు బ్యాచ్ పోతే పోనీ, రాజీనామా కాగితం తనే రాసి ఇచ్చేద్దామనుకున్నాడు. చేతికి అంటిన పులుసు ఎండిపోతోంది. ముందున్న డ్రమ్ములో నీళ్లు అయిపోయాయి. బోరింగు వెనకాల ఉందని ఎవరో చెబితే పాకలు చుట్టి వెళ్లాడు.

అక్కడ కట్టెల పొగలో యశోద, కన్నమ్మ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ గరిటెలు పైకి లేచి ఉన్నాయి.

"ఆగండమ్మా!" అంటూ బాలకృష్ణ పరుగెత్తుకెళ్లాడు.

ఇద్దరి మధ్యా పొయ్యి మీద పులుసు గుండిగ ఒక్కటే ఉంది.